ఆఖరి మనిషి దాకా పోయిన గాలే గాలి (పాతాళం లెక్కలు - 7)



ఏడో భాగం కాంట్రాక్టు మస్టర్ల మీద రాస్తానని చెప్పాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను. కారణం ఒక తమ్ముడి మెసేజ్.

మైనింగ్ ఇంజినీరింగ్ చదువుతున్నాడు. మన వాడలో పుట్టినవాడే. వాళ్ళింట్లో ఇంజినీరింగ్ కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. వాళ్ళ కాలేజీలో ఒక సెమినార్ పెట్టారట. విషయం: భూగర్భ గనుల్లో విద్యుత్ ఆదా, పర్యావరణ పరిరక్షణ. స్లైడు మూలన ఆకుపచ్చ ఆకు బొమ్మ. గని మీదుండే పెద్ద ఫ్యాన్ స్పీడు ఇంత తగ్గిస్తే ఏడాదికి ఇన్ని యూనిట్లు మిగులుతాయి, ఇంత కార్బన్ తగ్గుతుంది అని లెక్కలు. చప్పట్లు. అప్పుడు మనవాడు లేచి అడిగాడు: "సార్, మిగిలిన కరెంటు స్లైడులో ఉంది. ఆ స్పీడులో ఫేస్ దగ్గర పనిచేసేవాడికి ఎంత గాలి అందుతుందో ఏ స్లైడులో ఉంది?"

హాల్లో నవ్వారట. వేదిక మీది పెద్దమనిషి ఒకాయన, "ఇంజినీరింగ్‌లోకి మీ రాజకీయాలు తీసుకురావద్దు" అన్నాడట.

"మీ" అన్న మాట గమనించండి. ప్రశ్నలో కులం లేదు. జవాబులో ఉంది.

"అన్నా, నేను తప్పడిగిన్నా?" అని తమ్ముడి మెసేజ్. తమ్మీ, నువ్వు తప్పడగలేదు. ఆ హాల్లో ఆ రోజు అడిగిన ఒకే ఒక్క ఇంజినీరింగ్ ప్రశ్న నీదే. ఎందుకో లెక్కలతోనే చెప్తాను. రాజకీయాలు ఆఖర్న చూద్దాం.

*

ముందు గాలి బరువు తూద్దాం.

బొగ్గు గనుల రెగ్యులేషన్స్, 2017 అని మన దేశంలో ఒక చట్టబద్ధమైన నిబంధనల పుస్తకం ఉంది. గనిలోకి ఎంత గాలి పోవాలో అందులో రాసి ఉంది. ఒక్కో వెంటిలేషన్ డిస్ట్రిక్టులో, ఎక్కువ మంది ఉండే షిఫ్టును లెక్కలోకి తీసుకుని, మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్లు. లేదా రోజుకు తీసే ప్రతి టన్ను బొగ్గుకు నిమిషానికి 2.5 ఘనపు మీటర్లు. ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే అది.

ఇప్పుడు కాగితం తీసుకోండి. రోజుకు ఒక టన్ను బొగ్గు. నిమిషానికి 2.5 ఘనపు మీటర్లు. రోజుకు 1,440 నిమిషాలు. అంటే 3,600 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. మొత్తం 4,320 కిలోలు. ఒక టన్ను బొగ్గు పైకి రావాలంటే నాలుగు టన్నులకు పైగా గాలి కిందికి పోవాలి. గని అంటే బొగ్గు తోడే కార్ఖానా అనుకుంటాం. బరువు లెక్కన చూస్తే అది గాలి మోసే కార్ఖానా. అందుకే చాలా భూగర్భ గనుల్లో కరెంటు ఖర్చులో పెద్ద వాటా, కొన్నిచోట్ల సగం దాకా, గాలి నడపడానికే పోతుంది.

ఒక మనిషి ఎంత కష్టపడి పనిచేసినా నిమిషానికి పీల్చేది కొన్ని పదుల లీటర్లే. మరి చట్టం 6,000 లీటర్లు ఎందుకు ఇమ్మంది? ధర్మానికి కాదు. గనిలో గాలి ఊపిరికి మాత్రమే కాదు. బొగ్గులోంచి ఊరే మీథేన్‌ను పలచన చెయ్యాలి. పేలుడు పొగను తీసుకుపోవాలి. దుమ్మును ఈడ్చుకుపోవాలి. రాతి వేడిని, యంత్రాల వేడిని, మనిషి చెమటను మోసుకుపోవాలి. ఈ పనులు గాలి చెయ్యకపోతే ఎవరు చేస్తారు? దుమ్మును ఊపిరితిత్తులు వడపోస్తాయి. వేడిని గుండె మోస్తుంది. గాలి చెయ్యని ప్రతి పనీ ఒంటి మీద పడుతుంది. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, ఈ వ్యాసమంతా దీని మీదే నడుస్తుంది.

మా కాలనీలో ఒక కాక ఉన్నాడు. ముప్పై ఏళ్ళు బాయి పని చేసి రిటైరైనవాడు. గాలి గురించి అడిగితే ఆయన మీటర్లు, శాతాలు చెప్పడు. "చెంపకు తెలుస్తది బిడ్డా. చెంపకు గాలి తగుల్తున్నదంటే పని మీద మనసు నిలుస్తది. తగులకుంటె చెయ్యి పని చేస్తది గని మనసు పైన దారి దిక్కె ఉంటది" అంటాడు. వెట్ బల్బ్ ఉష్ణోగ్రత 30.5 డిగ్రీలు దాటితే గాలి కనీసం సెకనుకు ఒక మీటరు వేగంతో కదలాలని, 33.5 దాటకూడదని అదే పుస్తకంలో ఉంది. కాక చెంప చెప్పేదీ, పుస్తకం చెప్పేదీ ఒకటే.

*

ఇక ఫ్యాన్ దగ్గరికి వద్దాం. స్పీడు తగ్గించాలన్న ఆశ ఇంత ఎక్కువ ఎందుకంటే, ఫ్యాన్ల లెక్క ఘనంలో నడుస్తుంది. ఫ్యాన్ వేగం 20 శాతం తగ్గితే గాలి 20 శాతమే తగ్గుతుంది. కరెంటు మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది (0.8ని మూడుసార్లు గుణించండి, 0.512 వస్తుంది). పది శాతం తగ్గించినా కరెంటు 27 శాతం మిగులుతుంది. ఏ ఆఫీసు గదిలో కూర్చున్నవాడికైనా ఇది పండగ. సామాన్లు కొనక్కర్లేదు, మనుషుల్ని పెట్టక్కర్లేదు. ఒక నాబ్ తిప్పితే చాలు.

నేను కరెంటు ఆదాకు వ్యతిరేకిని కాదు. ఎండలు ముదిరితే ఏసీ ఉన్నవాడు చావడు, రేకుల ఇంట్లో ఉన్నవాడు చస్తాడు. వాతావరణ సంక్షోభం మనకు పరాయి సంగతి కాదు. అందుకే ఆదా అనే మాటను ఆ ఆకు బొమ్మల వాళ్ళకు వదిలెయ్యను. ఏ ఆదా అని అడుగుతాను.

గనిలో గాలికి అయ్యే కరెంటును ఆదా చెయ్యడానికి రెండు దారులు ఉన్నాయి.

మొదటి దారి. ఫ్యాన్ లాగే గాలంతా ఫేస్ దాకా పోదు. ఇన్‌టేక్ దారికీ రిటర్న్ దారికీ మధ్య కట్టిన స్టాపింగ్ గోడలు పగుళ్ళిస్తాయి. తలుపులు సరిగా మూసుకోవు. పాత పనుల గుండా గాలి జారిపోతుంది. చాలా గనుల్లో ఫ్యాన్ కదిలించిన గాలిలో సగం వరకూ ఎవరి ముఖానికీ తగలకుండానే అడ్డదారిన వెనక్కి వచ్చేస్తుంది. ఊరికి నీళ్ళ ట్యాంకు నిండుతుంది, మన వాడ కొళాయిలో చుక్క రాదు, అలాంటిదే ఇది. ఈ లీకులు పూడ్చాలి. కూలిన కప్పు రాళ్ళు, పాత దుంగలు, తుప్పుపట్టిన టబ్బులు అడ్డంపడిన గాలిదారులు శుభ్రం చెయ్యాలి. ఇరుకైన చోట వెడల్పు చెయ్యాలి. గాలిదారి వ్యాసం 10 శాతం పెరిగితే గాలికి ఎదురయ్యే నిరోధం సుమారు 38 శాతం తగ్గుతుంది, ఎందుకంటే ఆ లెక్క ఐదో ఘాతంలో నడుస్తుంది. ఇవన్నీ చేశాక ఫ్యాన్ స్పీడు తగ్గించినా ఫేస్ దగ్గర గాలి తగ్గదు. ఇది నిజమైన ఆదా. కానీ దీనికి మేస్త్రీలు కావాలి, టింబర్‌మెన్ కావాలి, తిరిగి చూసే సర్దార్లు కావాలి. ఒక్కసారి చేస్తే అయిపోదు, ప్రతి వారం చూస్తూ ఉండాలి.

రెండో దారి. అవేవీ చెయ్యకుండా నాబ్ తిప్పెయ్యడం.

ఇప్పుడు అసలు మాట. పైనున్న కరెంటు మీటరుకు ఈ రెండు దారుల మధ్య తేడా తెలియదు. రెండిట్లోనూ యూనిట్లు తగ్గాయనే చూపిస్తుంది. వార్షిక నివేదికలో రెండూ ఒకే ఆకుపచ్చ గీత. మొదటి దారిలో కరెంటును మిగిల్చింది గోడ. రెండో దారిలో మిగిల్చింది ఒకరి ఊపిరితిత్తి. తేడా తెలియాలంటే కొలిచే పరికరాన్ని పైనుంచి తీసి ఆఖరి మనిషి పక్కన పెట్టాలి. తమ్ముడు అడిగింది ఇదే. దీన్ని రాజకీయం అన్నారు.

చట్టం కూడా ఆఖరి చోటు గురించే మాట్లాడుతుంది. ఆ 6 ఘనపు మీటర్లు ఫ్యాన్ నోట్లో కొలవమని రాయలేదు. డిస్ట్రిక్టులో అన్నిటికన్నా లోపలి వెంటిలేషన్ కనెక్షన్ దగ్గర అంత గాలి పోవాలని రాశారు. కానీ ఆ కనెక్షన్ దాటాక కూడా మనుషులున్నారు. ముందుకు తవ్వుతున్న గ్యాలరీ అవతలి వైపు మూసుకుపోయి ఉంటుంది. అక్కడికి గాలి తనంతట తాను పోదు. బ్రాటిస్ గుడ్డ కట్టి మళ్ళించాలి, లేదా చిన్న ఆగ్జిలరీ ఫ్యాన్ పెట్టి డక్టుతో పంపాలి. గుడ్డ చిరిగితే, డక్టు ఫేస్‌కు చాలా దూరంలో ఆగిపోతే, రిజిస్టరులో గాలి ఉంటుంది, మనిషి దగ్గర ఉండదు.

*

ఇంతకీ ఆ ఆఖరి చోట నిలబడింది ఎవరు?

"గ్యాస్‌కు కులం తెలియదు" అని నాకు ఎప్పుడూ చెప్తుంటారు. నిజమే. గ్యాస్‌కు తెలియదు. డ్యూటీ వేసే చేతికి తెలుసు.

ప్రభుత్వరంగ గనుల్లో పర్మినెంటు ఉద్యోగానికి రోస్టర్ ఉంటుంది, రిజర్వేషన్ ఉంటుంది. మన తాతలు, తండ్రులు వెట్టి వదిలి బాయి దారి పట్టినప్పుడు ఆ నెల జీతం వాళ్ళకు విముక్తి. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ కాంట్రాక్టు పనికి రోస్టర్ లేదు. అక్కడ మన ప్రవేశానికి ఏ జీవో అక్కర్లేదు. చదువుకున్న మన పిల్లవాడు ఆఫీసర్ పోస్టుకు పోతే మెరిట్ అడుగుతారు. కాంట్రాక్టరు లేబర్‌కు పోతే ఎవరూ ఏమీ అడగరు. పైకి ఎక్కే ప్రతి మెట్టు మీదా కాపలా ఉంటుంది. కిందికి దిగే మెట్ల మీద ఎవరూ ఉండరు. కులం పనిచేసేది ఇలాగే. ఫ్యాన్‌ను ఆపేది కులం కాదు, ఫ్యాన్ ఆగితే ముందు ఎవరికి ఊపిరాడదో నిర్ణయించేది కులం.

నమ్మకపోతే కోలారు చూడండి. మన చిత్తూరు జిల్లాను ఆనుకుని ఉన్న బంగారు గనులు. ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి, అంటే నేటి తమిళ జిల్లాల నుంచీ మన చిత్తూరు వైపు నుంచీ పోయిన జనం తవ్వినవి. భూమి కింద పనిచేసినవాళ్ళలో ఎక్కువ మంది దళితులు. అయోతీదాస్ పండితుల శాక్య బౌద్ధ సంఘానికి అక్కడి మారికుప్పంలో శాఖ ఉండేది. అంటే మనవాళ్ళు అక్కడ బంగారమే కాదు, ఆత్మగౌరవం కూడా తవ్వుకున్నారు.

ఆ గనుల కోసమే కావేరి మీద శివనసముద్రంలో జలవిద్యుత్ కేంద్రం కట్టారు. 1902లో అక్కడి నుంచి 140 కిలోమీటర్లకు పైగా తీగలు లాగి కోలారుకు కరెంటు తెచ్చారు. అప్పటికి ప్రపంచంలోనే పొడవైన విద్యుత్ లైన్లలో అది ఒకటి. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తర్వాత, 1905లో. ఒక నగరం కంటే ముందు ఒక గనికి కరెంటు వచ్చింది. ఆ రోజుల లెక్కన అంతకు మించిన శుభ్రమైన విద్యుత్ లేదు. నీటి నుంచి పుట్టింది, పొగ లేదు. ఇవాళైతే ఎన్ని అవార్డులు వచ్చేవో!

మరి ఆ కరెంటు కార్మికుడి ఊపిరితిత్తిని కాపాడిందా? 1940లలో అక్కడ 7 వేలకు పైగా కార్మికులను పరీక్షిస్తే నూటికి 40 మందికి పైగా సిలికోసిస్ తేలింది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టే జబ్బు. మందు లేదు. శుభ్రమైన కరెంటు, మురికి ఊపిరి. రెండూ ఒకే గనిలో, ఒకే కాలంలో. గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు పోయింది. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. బంగారం వెళ్ళిపోయింది. సయనైడ్‌తో శుద్ధి చేయగా మిగిలిన మట్టి దిబ్బలు, మూడు కోట్ల టన్నులకు పైగా, ఇప్పటికీ ఊరి మధ్యే ఉన్నాయి. గాలి వీస్తే ఆ దుమ్ము కాలనీల మీదికి లేస్తుంది. గని బతికున్నప్పుడు రావాల్సినంత గాలి రాలేదు. గని చచ్చాక గాలి దుమ్మును మోసుకొస్తోంది.

*

దక్షిణాఫ్రికా బంగారు గనుల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. లోతు పెరిగేకొద్దీ వేడి పెరిగింది. గాలిని చల్లబరచడానికి ఖర్చు అవుతుంది. అప్పుడు వాళ్ళు ఇంకో పని కూడా చేశారు. కొత్తగా చేరిన నల్ల కార్మికులను ఆవిరితో నింపిన వేడి గదుల్లో పెట్టి, రోజుల తరబడి మెట్లు ఎక్కించి దించేవారు. ఒళ్ళు వేడికి అలవాటు పడ్డాకే గనిలోకి పంపేవారు. దశాబ్దాల పాటు ఇది సైన్సు పేరుతో నడిచింది. వడదెబ్బ చావులు తగ్గించామని చెప్పుకున్నారు, తగ్గించారు కూడా. కానీ ఆ ఆలోచన చూడండి. గాలిని మనిషికి తగ్గట్టు చెయ్యడానికి బదులు మనిషిని గాలికి తగ్గట్టు చెయ్యడం. అది ఒక రకం ఇంధన పొదుపే. చల్లబరిచే యంత్రం చెయ్యాల్సిన పనిలో కొంత నల్ల మనిషి చెమట చేసింది. అక్కడి సిలికోసిస్ బాధితులు ఏళ్ళ తరబడి కొట్లాడితే, 2018లో ఆరు కంపెనీలు సుమారు 500 కోట్ల రాండ్ల పరిహారానికి ఒప్పుకున్నాయి. నివేదికల్లో ఎన్నడూ కనిపించని కరెంటు బిల్లు, వందేళ్ళ తర్వాత ఆ రూపంలో వచ్చింది.

అదే కాలంలో కెనడాలో సడ్‌బరీ దగ్గర క్రైటన్ అనే నికెల్ గనిలో ఇంజినీర్లు ఏం చేశారో కూడా చెప్పాలి. పాత పనుల్లో మిగిలిన పగిలిన రాళ్ళ గుట్టల గుండా లోపలికి పోయే గాలిని నడిపించారు. చలికాలంలో ఆ రాళ్ళు గాలిని వెచ్చబరుస్తాయి, తాము చల్లబడతాయి. ఎండాకాలంలో ఆ చల్లటి రాళ్ళే గాలిని చల్లబరుస్తాయి. కరెంటు మిగిలింది, మనిషి ఒంటి మీద ఏమీ పడలేదు. ఒకచోట రాయిని వాడుకున్నారు. ఇంకోచోట మనిషిని వాడుకున్నారు. రెండూ ఇంజినీరింగే. ఏది ఎంచుకోవాలన్న దగ్గరే రాజకీయం ఉంది. దాన్ని తెచ్చింది మేం కాదు, అక్కడ ముందే కూర్చుని ఉంది.

సామర్థ్యం అన్న మాట ఒంటరిగా తిరిగితే ఎక్కడికి పోతుందో టర్కీలోని సోమా చెప్పింది. ఆ బొగ్గు గని యజమాని 2012లో పత్రికతో గొప్పగా చెప్పుకున్నాడు, టన్ను ఖర్చును 130-140 డాలర్ల నుంచి 24 డాలర్ల లోపుకు దించానని. 2014 మే 13న ఆ గనిలో మంటలు లేచాయి. 301 మంది చనిపోయారు, ఎక్కువ మంది కార్బన్ మోనాక్సైడ్ పీల్చి. మిగిలిన ఆ నూరు డాలర్లు ఎక్కడి నుంచి మిగిలాయో అప్పుడు అందరికీ అర్థమైంది.

*

ఇప్పుడు కొత్త టెక్నాలజీ వస్తోంది. అవసరాన్ని బట్టి గాలి పంపడం. కెనడా, స్వీడన్ లోహపు గనుల్లో వాడుతున్నారు. మనుషులకూ బండ్లకూ ట్యాగ్‌లు ఉంటాయి. ఎక్కడ మనిషి ఉన్నాడో కంప్యూటర్ చూసి అక్కడికి గాలి పెంచుతుంది, ఎవరూ లేనిచోట తగ్గిస్తుంది. మంచి ఆలోచనే. ఖాళీ గదిలో ఫ్యాన్ తిరగడం ఎవరికి ఇష్టం?

కానీ మన అనుభవంతో ఒక్క ప్రశ్న అడగాలి. ట్యాగ్ ఎవరికి ఇస్తారు? కాంట్రాక్టరు రిజిస్టరులో పది మంది పేర్లు రాసి పద్నాలుగు మందిని దింపే దేశం మనది. ట్యాగ్ లేనివాడు కంప్యూటర్‌కు కనిపించడు. అతను ఉన్న చోటు ఖాళీ అని కంప్యూటర్ అనుకుంటుంది. గాలి తగ్గిస్తుంది. ఊరి లెక్కల్లో, మస్టర్ లెక్కల్లో లేకుండా పోయినవాళ్ళం, ఇప్పుడు గాలి లెక్కల్లో కూడా లేకుండా పోవాలా? ఈ టెక్నాలజీ మన గనుల్లోకి రాకముందే ఈ ప్రశ్న అక్కడికి చేరాలి.

లెక్కలో లేనివాడికి గాలి లేదనడానికి భవిష్యత్తు దాకా పోనక్కర్లేదు. మన వీధిలోని మ్యాన్‌హోల్ మూత తియ్యండి. అదీ భూగర్భమే. అక్కడా గ్యాస్ ఉంది, హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్. అక్కడా ఆక్సిజన్ తక్కువే. బొగ్గు గనిలో 19 శాతం కన్నా తక్కువ ఆక్సిజన్ ఉంటే మనిషి ఉండకూడదని రాసిపెట్టిన దేశం, మ్యాన్‌హోల్లోకి మనిషిని నడుముకు తాడు కట్టి దింపుతుంది. 2013లో చట్టం చేశారు. 2014లో సుప్రీంకోర్టు చావుకు 10 లక్షలు ఇమ్మంది. 2023 అక్టోబరులో 30 లక్షలు చేసింది. ధర పెరిగింది, దిగడం ఆగలేదు. బొగ్గు గనిలో మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్లు. మ్యాన్‌హోల్లో ఎంత? ఒక ఫ్యాన్ బిల్లు కూడా లేదు. సున్నా యూనిట్ల వెంటిలేషన్. ఆకు బొమ్మ వాళ్ళ లెక్కన ప్రపంచంలో ఇంతకు మించిన ఇంధన సామర్థ్యం ఇంకోటి లేదు!

*

"ఇంత గొడవ ఎందుకు, భూగర్భ గనులు ఎలాగూ తగ్గిపోతున్నాయి, ఓపెన్ కాస్ట్‌లో ఫ్యాన్లే అక్కర్లేదు కదా" అనేవాళ్ళున్నారు. సింగరేణిలో ఇవాళ అత్యధిక భాగం బొగ్గు ఓపెన్ కాస్ట్‌ల నుంచే వస్తోంది, నిజం. ఓపెన్ కాస్ట్‌లో ఫ్యాన్ బిల్లు ఉండదు. ఎందుకంటే దుమ్మును మోసే పనిని ఆకాశానికి అప్పజెప్పారు. ఆకాశం దాన్ని పక్క ఊరికి అప్పజెప్తుంది. భూగర్భ గనిలో గాలి లెక్క రాయడానికి కనీసం ఒక రిజిస్టరు ఉంది. ఊరి మీద పడే దుమ్ముకు, పగిలే గోడలకు, ఇంకిపోయే బావులకు ఏ యూనిట్లలో లెక్క రాస్తారు? ఖర్చు మాయం కాలేదు. బిల్లు మీద పేరు మారింది.

"బొగ్గే వద్దు, గనులన్నీ మూసెయ్యాలి" అనే మిత్రులకూ ఒక మాట. మూసే రోజు రావచ్చు, రావాలి కూడా. కానీ మూసే రోజు దాకా కింద మనుషులుంటారు. రేపటి భూమి కోసం ఇవాళ్టి షిఫ్టులోని మనిషికి గాలి తగ్గించే హక్కు ఎవరికీ లేదు. పైగా రేపు బ్యాటరీల కోసం రాగి, నికెల్, కోబాల్ట్ కావాలంటారు. అవీ భూమిలోంచే వస్తాయి. అక్కడా ఫేస్ ఉంటుంది, ఆఖరి మనిషి ఉంటాడు.

బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబర్‌గా ఉన్నప్పుడు, 1943 డిసెంబరులో ధన్‌బాద్ వైపు బొగ్గు గనులకు వెళ్ళారు. ఆఫీసులో నివేదిక తెప్పించుకుని ఊరుకోలేదు. కిందికి దిగి చూశారు. మరుసటి నెలలోనే, 1944 జనవరిలో, బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధికి ఆర్డినెన్స్ వచ్చింది. మనం నేర్చుకోవాల్సింది అదే. కొలత పైన కాదు, కింద.

అందుకే విద్యార్థులకు, యూనియన్ మిత్రులకు నా ప్రతిపాదనలు ఇవి.

ఒకటి. ఫ్యాన్ యూనిట్లను టన్ను బొగ్గుతో భాగించి సామర్థ్యం అనడం ఆపాలి. ఫేస్ దగ్గర మనిషికి అందిన గాలితో భాగించాలి. లీకులు పూడ్చిన గనికి ఆ అంకె బాగుపడుతుంది. ఊరికే నాబ్ తిప్పిన గనికి దొంగతనం బయటపడుతుంది.

రెండు. స్పీడు తగ్గించే ప్రతి ప్రాజెక్టుకూ ముందూ తర్వాతా ఫేస్ దగ్గర గాలి, గ్యాస్, దుమ్ము, వెట్ బల్బ్ కొలవాలి. ఏ ఒక్కటి దిగజారినా ఆ ప్రాజెక్టు రద్దు. దాన్ని ఆదా అని నివేదికలో రాయకూడదు.

మూడు. కొలిచేటప్పుడు కార్మికుల మనిషి పక్కన ఉండాలి. 500 మందికి పైగా పనిచేసే గనిలో వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు, 100 మంది దాటితే సేఫ్టీ కమిటీ ఉండాలని మైన్స్ రూల్స్‌లో ఇప్పటికే ఉంది. ఆ కమిటీలో కాంట్రాక్టు కార్మికులు కూర్చోవాలి. అంకెలు గని మొఖం దగ్గర బోర్డు మీద తెలుగులో రాయాలి, షిఫ్టు దిగేవాడు చదివి దిగేలా.

నాలుగు. మిగిలిన డబ్బులో మొదటి వాటా గోడలకూ గాలిదారులకూ పోవాలి. రెండో వాటా కాంట్రాక్టు కార్మికుల ఊపిరితిత్తుల పరీక్షలకు పోవాలి, పని మానేశాక కూడా. దుమ్ము జబ్బు ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త మనిషి అయిపోయేవాడి ఎక్స్‌రే ఎవరి ఫైల్లో ఉంటుంది?

ఐదు. భూమి కింద మనిషి ఎక్కడ దిగినా ఒకటే గాలి చట్టం. గనికొకటి, మ్యాన్‌హోల్‌కొకటి కుదరదు. ఆ గాలి ఇవ్వలేనిచోట మనిషి దిగకూడదు. యంత్రం దిగాలి.

తమ్మీ, ఇక నీకు. ప్రాజెక్టు మానుకోవద్దు. టాపిక్ మార్చుకోవద్దు. అదే టాపిక్ మీద అందరికన్నా గట్టి ప్రాజెక్టు చెయ్యి. ఫ్యాన్ లెక్కలు, లీకు లెక్కలు, ఘనాలు, ఐదో ఘాతాలు, వాళ్ళకన్నా బాగా నేర్చుకో. ఆఖరి స్లైడులో ఒక్క పట్టిక పెట్టు: స్పీడు తగ్గించకముందు ఫేస్ దగ్గర గాలి ఎంత, తగ్గించాక ఎంత. మళ్ళీ ఎవరైనా "మీ రాజకీయాలు" అంటే గొంతు పెంచకు. "సార్, ఈ గడి ఖాళీగా ఉంది, నింపండి" అను. ఆ గడి నిండేదాకా కూర్చోకు.

వచ్చే వారం కాంట్రాక్టు మస్టర్ల గురించి. పది పేర్లు, పద్నాలుగు మంది, ఆ నలుగురి కథ.

జై భీమ్.